మందకు నీళ్ళెవరు పెట్టాల

నా అర్జీని రెండుసార్లు వెనక్కి పంపారు. మొదటిసారి అందులో ఒక మాట ఉందని, రెండోసారి ఆ మాట లేదని. చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ ఎండాకాలం నా కొట్టంలో రెండు ఎద్దులు కళ్ళు లోపలికి పోయి నిలబడి ఉన్నాయి కాబట్టి నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

అది అరవై ఆరో సంవత్సరం. అంతకు ముందు ఏడు వాన మొహం చాటేసింది. మా గుట్టకిందపల్లి పెనుకొండకూ సోమందేపల్లికీ నడుమ ఉంటుంది. బస్సు దిగి కొంత దూరం నడవాలి. చెరువు ఎండి నెర్రెలు విచ్చింది. ఊరి బావుల్లో బొక్కెన వేస్తే బురద వచ్చేది. నీళ్ళున్న బావి ఒక్కటే మిగిలింది. అది ఊరి బయట సర్కారు బంగళా ఆవరణలో ఉంది. తెల్లదొరలు గుర్రాల మీద వచ్చి దిగడానికి ఎప్పుడో కట్టించుకున్న బంగళా అది. బావి పక్కనే గుర్రాల కోసం పొడుగాటి రాతి తొట్టి ఒకటి కట్టించారు. దొరలు పోయారు, గుర్రాలూ పోయాయి, తొట్టి మాత్రం మిగిలింది. అప్పటి నుంచి మా ఊరి పశువులు కరువు వచ్చినప్పుడల్లా ఆ తొట్టిలోనే తాగేవి. ఇదేమిటని అడిగినవాడు లేడు.

ఆ ఏడు కరువు పనులు చూడటానికి కొత్తగా ఒక ఆఫీసరును వేశారు. ఆయన వచ్చీ రాగానే చేసిన మొదటి పని బంగళా గేటుకు తాళం వేయించడం. మనుషులకు ఇంటికి రెండు బిందెలు, పశువులకు లోపలికి ప్రవేశం లేదు అని గేటు మీద కాగితం అంటించారు. తాళంచెవి మద్దిలేటి మొలతాటికి వేలాడేది. మద్దిలేటి ఆ బంగళాకు వాచ్‌మన్. మా ఊరివాడే, మా వీధివాడే. అడిగితే తల వంచుకుని, "నేనేమి చేసేదక్కా, హుకుం అట్లుండాది" అనేవాడు.

మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. మా ఊళ్ళో పశువు నీళ్ళు తాగకముందు మనిషి ముద్ద ముట్టడు. ఇది ఎవరు పెట్టారో తెలియదు. నా పెళ్ళినాడు పందిట్లో విస్తళ్ళు వేసి ఆడపెళ్ళివాళ్ళందరినీ కూర్చోబెట్టి, చెరువుకు పోయిన మంద ఇంకా తిరిగి రాలేదని వడ్డన ఆపేశారు. మా పుట్టింటివాళ్ళు ధర్మవరం మనుషులు. పట్టుచీరల అంగడి తప్ప పశువు మొహం ఎరగరు. మా అన్న నాగరాజు ఆకలికి మండిపడి, ఇదేం ఊరు, పెళ్ళికి పిలిచి పస్తు పెడతారా అని గొణిగాడు. మా మామ నవ్వి, "వచ్చినదాకా ఉండప్పా, అవి తాగినాక తింటే నీకే అరుగుతాది" అన్నాడు. నేను ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను. కాపురానికి వచ్చిన ఏడాదికల్లా ఎద్దులు తాగకుండా నాకూ ముద్ద దిగడం మానేసింది.

నా భర్త తిమ్మప్ప మూడేళ్ళ ముందు జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. పట్టా నా పేరు మీదికి మారింది. ఆయన హిందూపురం సంతలో కోడెలుగా ఉన్నప్పుడే ఏరి తెచ్చిన జత మిగిలింది. నల్లగా ఉండేవాడు కర్రోడు, ఎర్రగా ఉండేవాడు పుల్లోడు. మడక పట్టడానికి కూలిమనిషి ఎక్కడైనా దొరుకుతాడు, ఎద్దులు ఎవరిస్తారు? జత పోతే భూమి కౌలుకు పోతుంది. కౌలుకు పోయిన భూమి ఆడదాని చేతికి మళ్ళీ వచ్చిందని నేను వినలేదు. ఆ తర్వాత నాకు మిగిలేది ధర్మవరంలో మా అన్న ఇంట్లో వంటగది మూల. అన్న మంచివాడే. వదినా చెడ్డది కాదు. అయినా ఒకరి ఇంట్లో నీళ్ళు తాగడానికి కూడా అడగాల్సిన బతుకు నాకు వద్దు.

ఇంటికిచ్చిన రెండు బిందెల్లో ఒకటిన్నర ఎద్దులకే పోసేదాన్ని. ఎద్దుకు ముప్పాతిక బిందె ఏ మూలకు? నాలుక తడుపుకుని నా వైపు చూసేవి. ఆ చూపు భరించలేక కరణం లక్ష్మీనారాయణ గారి దగ్గరకు పోయి అర్జీ రాయించాను. పొద్దున ఒక పూట గేటు తీస్తే చాలు, మా ఊరి పశువులు తొట్టిలో తాగి పోతాయి. అంతకన్నా అందులో ఏమీ అడగలేదు. దాన్ని పట్టుకుని పెనుకొండ పోయాను.

ఆఫీసరు దూరపు జిల్లా మనిషి. నలభై దాటి ఉండవు. తెల్లచొక్కా, మెత్తని మాట. నన్ను కూర్చోమన్నాడు కూడా. అందుకే మరీ మండుతుంది నాకు. కసిరికొట్టేవాడైతే తిట్టుకుని వచ్చేసేదాన్ని. ఆయన అర్జీ తీసుకుని, "గుట్టకిందపల్లి రైతు శ్యామలమ్మ" అని పైకి చదివి అక్కడే ఆగిపోయాడు. ఎర్ర సిరా కలం తీసి 'రైతు' కింద గీత గీశాడు.

"ఈ మాట ఎవరు రాశారమ్మా?"

"కరణంగారు సామీ. ఎప్పుడూ అట్లనే రాస్తారు."

"అదే తప్పు. ఇది తెలుగు మాట కాదు. అరబ్బీ మాట. రయ్యత్ అంటారు. దానికి అర్థం ఏమిటో తెలుసా? మేపే మంద అని. నవాబులు మిమ్మల్ని గొర్రెల మంద కింద జమకట్టి పెట్టిన పేరు. ఆఫీసుల్లో తెలుగే ఉండాలని చట్టం కూడా వచ్చింది. ఇంకా మీకు మీరే మందలమని రాసుకుంటే నాకు బాధగా ఉంటుందమ్మా. కర్షకురాలు అని రాయించి తీసుకురండి."

"సరే సామీ. నీళ్ళ సంగతి?"

"ముందు ఇది సరిచేయించండి. చూద్దాం."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. బస్సులో వస్తున్నంతసేపూ నా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆయన మీద మండింది, అది ఒక ఎత్తు. ఆ మాట మీద కూడా మండింది. రైతు అని పిలిస్తే నేను తల ఎత్తి చూసేదాన్ని. తిమ్మప్ప పోయాక పట్టా నా పేరు మీదికి వచ్చిన రోజు కరణంగారు, "ఇంక నువ్వే రైతువు శ్యామలమ్మా" అంటే ఏడుపు మధ్యలో కూడా నా గుండె కొంచెం గట్టిపడింది. అలాంటి మాట తిట్టు అట. గొర్రెల మంద అట. ఎవడో నవాబు, నన్ను చూడనైనా చూడనివాడు, నాకు ఎప్పుడో పెట్టిపోయిన తిట్టును నేను బొట్టులాగా పెట్టుకుని తిరిగాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆఫీసరు నీళ్ళివ్వకపోగా ఉన్న పేరు కూడా ఊడబీకి పంపాడు.

కరణంగారు నొసలు చిట్లించి 'కర్షకురాలు' అని తిరగరాశారు. రాస్తూ, ఈ మాట నోరు తిరగడం లేదని రెండుసార్లు అన్నారు. మళ్ళీ పెనుకొండ పోయాను. ఈసారి ఆఫీసరు సంతోషించి సంతకం పెట్టేవాడే. పక్కన గుమాస్తా ఒకడు రిజిస్టరు తెరిచి వేలు పెట్టాడు. పట్టాలో 'రైతు శ్యామలమ్మ' అని ఉంది, అర్జీలో 'కర్షకురాలు శ్యామలమ్మ' అని ఉంది, ఇద్దరూ ఒకరేనని రుజువేదీ అన్నాడు. ఆఫీసరు రిజిస్టరు చూసి, అది నిజమేనన్నాడు.

"ఇద్దరూ ఒకరేనని మునసబు దగ్గర రాయించుకుని రండమ్మా. నియమం నియమమే కదా."

"నేను మీ ముందరే కూర్చోనుండా గదా సామీ. ఇద్దరు కనపడతాండారా మీకు?"

ఆయనకు కోపం రాలేదు. నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చేతిలో ఉన్నది నేలకేసి కొట్టాలనిపిస్తుంది. మునసబు కూతురి కాన్పుకని మడకశిర పోయి కూర్చున్నాడు. ఎప్పుడొస్తాడో తెలియదు. ఎద్దులకు ఇదంతా ఏం తెలుసు? అవి పొద్దున లేచి బంగళా వైపే మెడలు తిప్పుకుని నిలబడేవి. గాలిలో నీళ్ళ వాసన వాటికి తెలుస్తుంది.

అన్న ధర్మవరం నుంచి వచ్చాడు. కొట్టం చూసి పై కండువాతో మొహం తుడుచుకున్నాడు. "హిందూపురం సంతలో ఎర్రిస్వామి అని బేరగాడు ఉన్నాడు. బతికుండగా అమ్మితే నాలుగు దుడ్లన్నా వస్తాయి. చచ్చినాక మోసేదానికి నువ్వే ఇయ్యాల. అమ్మేసి నాతో రా" అన్నాడు. నేను వాదించలేదు. ఆ బేరగాడు కొనే ఎద్దులు మడకకు పోవని అన్నకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఇద్దరమూ పైకి అనలేదు.

మరునాడు హిందూపురం బస్సు ఎక్కాను. దిగి సంత వైపు నాలుగు అడుగులు వేసి, కాళ్ళు రాక, అమానుల్లా సాయిబు ఇంటి వైపు తిరిగాను. ఆయన నా భర్తతో చిన్నప్పుడు కలిసి చదివాడు. తర్వాత వేలూరు పోయి అరబ్బీ చదువుకుని వచ్చి హిందూపురంలో పిల్లలకు ఆ చదువే చెప్పేవాడు. చుట్టుపక్కల పది ఊళ్ళవాళ్ళు తగువు తీర్చమని ఆయన దగ్గరకు వచ్చేవాళ్ళు. నేను గడప దాటుతూనే మొదలుపెట్టాను. మంచీ చెడ్డా అడగలేదు.

"మీ మాట వల్ల నా ఎద్దులు చస్తాండాయి అన్నా. ఏం పాపం చేసినామని మాకు ఆ పేరు పెట్టినారు మీవాళ్ళు?"

ఆయన చదువుతున్న పుస్తకం మూసి నా మొహం చూశాడు. ఆయన భార్య ఫాతిమాబీ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను తీసుకోలేదు. పశువులు తాగలేదమ్మా అన్నాను. ఆమె చెంబు నా పక్కనే పెట్టి కూర్చుంది. జరిగినదంతా చెప్పాను. 'కర్షకురాలు' దగ్గరకు వచ్చేసరికి ఫాతిమాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాయిబు నవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడింది.

"అర్జీ అనేది యాడ మాట శ్యామలమ్మా? అదీ అరబ్బీనే. ఆయన ఉండే జిల్లా అరబ్బీ, తాలూకా అరబ్బీ. నీళ్ళు వద్దని వేసిన హుకుం అరబ్బీ. అవన్నీ ఆయనకు తీపి. రైతు ఒక్కటే చేదు అయిందా? ఇన్ని మాటల్లో కరువొకటే అచ్చ తెలుగు. దాన్ని మాత్రం మీకు ఇడిసిపెట్టినాడు."

"మంద అనేది నిజమేనా అన్నా?"

"నిజమే. అబద్ధం చెప్పలేదు ఆయన. సగం చెప్పినాడు. మాటను నడుమకు నరికి, తోక నీ చేతిలో పెట్టి, తల తన జేబులో వేసుకున్నాడు."

తర్వాత ఆయన పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. ఆ భాషలో మేపడానికీ కాయడానికీ ఒకటే మూలమట. మేపి, కాచి, నీళ్ళు చూసి, రాత్రి తోడేలు రాకుండా మేలుకునేవాణ్ణి 'రాయీ' అంటారట. అతని పూచీలో ఉన్నదాన్ని 'రయ్యత్' అంటారట. అంటే తోలుకుపోయే మంద అని ఊరికే అనడం కాదు. ఎవరో ఒకరు జవాబుదారీ పడి కాయవలసిన మంద అని. కాపరి లేకుండా ఆ మాటే పుట్టదు. మొదట గొర్రెల దగ్గర వాడిన మాటనే తర్వాత రాజులకూ జనానికీ వాడారట. రాజు కాపరి, జనం వాడి పూచీ. మన దేశానికి వచ్చాక ఆ జనంలో పన్ను కట్టేవాడు, దున్నేవాడు రయ్యత్ అయ్యాడు, మన నోట్లో పడి రైతు అయ్యాడు.

"మా ప్రవక్త చెప్పిన మాట ఒకటి మా పెద్దలు పిల్లప్పుడే నేర్పిస్తారు. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, ఎవరి మందను గురించి వాళ్ళను అడుగుతారు అని. రాజును జనం గురించి అడుగుతారు. ఇంటి ఆడమనిషిని ఇంటిని గురించి అడుగుతారు. నీ ఎద్దుల గురించి నిన్ను అడుగుతారు. లెక్క చెప్పుకోవలసింది మంద గాదు శ్యామలమ్మా. కాపరి."

"ఎవరడుగుతారు?"

"పైన అల్లా."

"ఈడ?"

సాయిబు మూసిన పుస్తకాన్ని పక్కకు జరిపాడు. ఫాతిమాబీ ఆయన వైపు చూసి, "ఈడ అడిగేవాళ్ళు ఉంటే ఆ యమ్మ నీళ్ళు ముట్టకుండా మనింట్లో ఎందుకు కూర్చోనుంటాది?" అంది.

నేను సంతకు పోలేదు. ఎర్రిస్వామి మొహం చూడకుండానే తిరుగు బస్సు ఎక్కాను. బస్సులోంచి పెనుకొండ కొండ కనపడేసరికి నా కోపం దారిలో పడింది. అంతవరకూ అది నా మీదికీ, ఆ మాట మీదికీ, చచ్చిన నవాబుల మీదికీ తలాకాస్త పోయేది. ఇప్పుడు పోవలసిన చోటు ఒక్కటే మిగిలింది. నన్ను మంద అన్నందుకు నాకు కోపం లేదు. మంద అని తెలిసి కూడా నీళ్ళు పెట్టనందుకు కోపం.

ఆఫీసరు ఎప్పుడో ఒకప్పుడు మా ఊళ్ళో మకాం వేయక తప్పదు. కరువు పనులు చూడాలి కదా. వచ్చేది ఖాయమని కబురు వచ్చింది. ఆఫీసర్లు వస్తే ఊళ్ళోవాళ్ళు వంతుల వారీగా భోజనం పెట్టడం మా దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఈసారి వంతు నాది కాదు. నేనే పోయి కరణంగారిని అడిగి తీసుకున్నాను. తిండికే ఇబ్బందిగా ఉన్న ఏడు ఎవరైనా వంతు మీద వేసుకుంటే ఎవరు వద్దంటారు? కరణంగారు సంతోషించారు. అర్జీ సంగతి కూడా మెల్లగా ఎత్తుదాం, కడుపు నిండితే ఆయనే మెత్తబడతాడు అన్నారు. నేను ఊ అన్నాను.

ఆ రోజు తెల్లవారి కొట్టంలోకి పోతే పుల్లోడు పడుకుని ఉన్నాడు. అదిలించాను. తోక కింద చెయ్యి పెట్టి లేపాను. ముందుకాళ్ళు మడిచి ప్రయత్నం చేసి మళ్ళీ కూలబడ్డాడు. ముక్కు ఎండి పగిలింది. వంటకు ఉంచుకున్నవి పోగా ఇచ్చిన నీళ్ళన్నీ వాడికే పోశాను. వాడు తాగిన దానికంటే నేల తాగిందే ఎక్కువ. ఏడవలేదు. వంట చేశాను. వరి బియ్యం పక్కింటి హనుమంతమ్మ దగ్గర తెచ్చుకున్నాను. ముద్దపప్పు, చింతపండు చారు, చెనిక్కాయల పొడి చేశాను. వంట అయ్యాక హనుమంతమ్మను పిలిచి, "మీ ఆవును తోలుకొని బంగళా కాడికి రా. ఊళ్ళో చెప్పు" అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు.

మధ్యాహ్నం ఆఫీసరు బంగళా వరండాలో కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. కాళ్ళకు పోసిన నీళ్ళు మెట్ల మీదుగా మట్టిలోకి పోయాయి. నేను చూస్తూ నిలబడ్డాను. కరణంగారు పక్కన. మద్దిలేటి గేటు దగ్గర. గేటు బయట నేను కర్రోణ్ణి కట్టేసి వచ్చాను. వాడి వెనక ఒక్కొక్కటే పశువులు వచ్చి చేరుతున్నాయి. వాటి పలుపులు పట్టుకుని మనుషులు. పశువులు అరవలేదు, అరవడానికి గొంతు తడి ఉండాలి.

విస్తరి వేశాను. అన్నీ వడ్డించాను. ఆయన చెయ్యి చాపేసరికి విస్తరికి ఇవతల కూర్చుని అన్నాను.

"మా ఊళ్ళో పశువులు తాగకముందు ఎవరూ ముద్ద ముట్టరు సామీ. చుట్టమైనా, పెండ్లికొడుకైనా. ఒక గడియ ఓర్చుకోండి."

ఆయన గేటు వైపు చూశాడు. అప్పుడే చూసినట్టున్నాడు ఆ మందను.

"అది మీ ఊరి ఆచారం. నేను ఆఫీసు మనిషిని కదమ్మా."

"అవును సామీ. అందుకే మీతో చెప్తాండా. రైతు అంటే మంద అన్నారు మీరు. నేను హిందూపురం పోయి కనుక్కున్నా. మీరు చెప్పింది నిజమే. మందే. అయితే మందకు కాపరి ఉంటాడంట. మేపేదీ వాడే, నీళ్ళు చూసేదీ వాడేనంట. మంద ఎండిపోతే అడిగేది మందను గాదంట, వాణ్ణంట. మా కాపరి ఎవరు సామీ? నవాబు పాయె. తెల్లదొర పాయె. ఆ తెల్లదొర మమ్మల్ని దోచుకున్నాడు గానీ గుర్రాలకని తొట్టి కట్టించి పోయినాడు. మీరు తాళం కట్టినారు."

కరణంగారు "శ్యామలమ్మా" అని నెమ్మదిగా హెచ్చరించారు. నేను ఆయన వైపు చూడలేదు.

ఆఫీసరు మొహంలో ఆ మెత్తదనం పోయింది. "ఆ మాట మేం ఇప్పుడు వాడటం లేదు. మీ గౌరవం కోసమే తీసేశాం."

"తీసేసింది మా తిట్టు గాదు సామీ. మీ పని. రైతును కొట్టేస్తే కాపరీ పాయె గదా. కర్షకురాలికి ఎవురు జవాబు చెప్పాల? నాకు గౌరవం వద్దు. నా ఎద్దు పొద్దున లేయలేదు. వానికి నీళ్ళు గావాల."

అన్నం మీద ఆవిరి తగ్గిపోతోంది. ఆయన తినవచ్చు, ఎవరు ఆపారు? నేను చెయ్యి పట్టుకోలేదు. కానీ అన్ని కళ్ళు, మనుషులవీ పశువులవీ, ఆ ఒక్క విస్తరి మీదే ఉంటే ఎంత ఆఫీసరుకైనా ముద్ద నోటి దాకా రాదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు మద్దిలేటి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, నేనూ పొద్దున నుంచి ఏమీ తినలేదు. నిన్ననూ తినలేదు. మా ఇంట్లో ఒక ఆవు, దూడ ఉండాయి. దూడ నిన్న పోయినాది. గేటు తీయమంటారా?"

ఆఫీసరు ఊ అనలేదు. ఉహు అనలేదు. మద్దిలేటి కొంచెంసేపు ఆయన పెదవుల వైపే చూశాడు. తర్వాత, ఊ అన్నారని గట్టిగా అందరికీ వినపడేటట్టు చెప్పి, మొలతాటి నుంచి తాళంచెవి విప్పాడు.

పశువులు తోసుకుంటాయనుకున్నాను. తోసుకోలేదు. అంత బలం లేదు. ఒకదాని పక్కన ఒకటి తొట్టి పొడుగునా మూతులు ముంచి నిలబడ్డాయి. మగవాళ్ళు వంతులు వేసుకుని నీళ్ళు తోడి పోశారు. కరణంగారు పై పంచె బిగించి తానూ ఒక తాడు పట్టుకున్నారు, జీవితంలో ఎప్పుడైనా పట్టుకున్నారో లేదో తెలియదు. నేనూ హనుమంతమ్మా బిందెలు ఎత్తుకుని మా కొట్టానికి పరుగెత్తాం. పుల్లోడి మూతి నా ఒళ్ళో పెట్టుకుని కొంచెం కొంచెంగా పోశాను. మొదట పక్కలకు కారిపోయింది. తర్వాత గొంతు కదిలింది. తర్వాత నాలుక చాపి బిందె అంచు నాకాడు. అప్పుడు ఏడ్చాను, సిగ్గు లేకుండా, గట్టిగా.

తిరిగి వచ్చేసరికి జీపు లేదు. ఆఫీసరు పస్తు వెళ్ళిపోయాడు. విస్తరి అట్లాగే ఉంది. కరువులో వరన్నం పారేస్తామా? తొట్టి దగ్గర కర్రోడి కడుపు నిండి పక్కలు ఉబ్బాయి. నేను ఆ వరండాలో, ఆయన కూర్చున్న చోటే కూర్చుని, చల్లారిన ఆ అన్నమంతా తిన్నాను. పక్కన మద్దిలేటికి ఇంకో విస్తరి వేశాను.

గేటుకు మళ్ళీ తాళం పడలేదు. మద్దిలేటి తాళంచెవి బావిలో జారిపోయిందని రాయించి పంపాడు. వానలు వచ్చేదాకా మా పశువులు ఆ తొట్టిలోనే తాగాయి. పుల్లోడు లేచాడు గానీ ఆ ఏడు కాడి మొయ్యలేకపోయాడు. పక్కింటి ఎద్దును జత కట్టి విత్తనం వేశాను. భూమి నా చేతిలోనే ఉంది.

తొలకరి పడిన నెలకు పెనుకొండ ఆఫీసు నుంచి బంట్రోతు వచ్చాడు. సర్కారు బంగళాలోకి పశువులను తోలించినందుకు, విధుల్లో ఉన్న అధికారిని భోజనం చేయనివ్వకుండా అడ్డుకున్నందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో చెప్పమని నోటీసు. నేను మడికట్టులో కలుపు తీస్తున్నాను. చేతులు కడుక్కోకుండానే గట్టు మీదికి వచ్చి, పైన పేరు ఏమని ఉందో చదవమన్నాను.

"కర్షకురాలు శ్యామలమ్మ గారికి, గుట్టకిందపల్లి" అని చదివాడు.

"ఆ పేరుగల మనిషి ఈ ఊళ్ళో లేదప్పా."

బంట్రోతు కాగితం వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు. "నువ్వే గదమ్మా. నాకు తెల్దా? రెండుసార్లు ఆఫీసుకు వచ్చినావు, నేనే లోపలికి పంపిస్తి."

"ఈడ ఉండేది రైతు శ్యామలమ్మ. పట్టాలో చూసుకోమను. ఇద్దరూ ఒకరేనని మునసబు దగ్గర రాయించుకొని, అప్పుడు రమ్మను మీ సారును" అని నేను మళ్ళీ మడిలోకి దిగాను.